తెరమీది శాస్త్రం: ఎవరు చేశారు? ఎట్లా జరిగింది?

సినిమాలలో శాస్త్ర విషయాలకు సంబంధించిన తప్పులు పట్టడం సులభమైన పని. దానికి పెద్ద చదువు కూడా అక్కరలేదు. 2018లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వాన ‘అంతరిక్షం 9000 కెఎంపిహెచ్’ అనే తెలుగు చిత్రం వచ్చింది. పేరులోనే ఒక లెక్క ఉన్నది. గంటకు 9000 కిలోమీటర్లంటే సెకనుకు రెండున్నర కిలోమీటర్లు. చిత్రంలో ఆ అంకె దేనిని ఉద్దేశించినదైనా కానీయండి, ఒక ఉపగ్రహం ఈ వేగంతో భూమి చుట్టూ వృత్తాకారపు కక్ష్యలో తిరగవలెనంటే అది భూకేంద్రం నుంచి సుమారు 64 వేల కిలోమీటర్ల దూరాన ఉండవలసి వస్తుంది. మన టెలివిజన్ ప్రసారాలను మోసే భూస్థిర ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వాటికన్న అది చాలా పైన. భూమికి దగ్గరగా, నాలుగైదు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగేవాటి వేగం గంటకు 28 వేల కిలోమీటర్ల దాపున ఉంటుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే విద్యార్థి పది నిమిషాలలో ఈ లెక్క చేయగలడు. ఉపాధ్యాయులు ఇటువంటి లెక్కలు ఇవ్వడం మంచిదే. పిల్లలకు సరదాగా ఉంటుంది, గురుత్వాకర్షణ సూత్రం గుర్తుండిపోతుంది.

కాని విమర్శ అక్కడితో ఆగిపోతే అది లెక్కల పరీక్ష అవుతుందే గాని సినిమా విమర్శ కాదు. కథ చెప్పేవాడు కొంత కల్పించక తప్పదు. ఆ కల్పన ఎక్కడ చేశాడన్నదే చూడవలసిన విషయం.

ఏదైనా ఒక సంఘటన జరిగినప్పుడు మన మనస్సులో రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది ఎవరు చేశారన్నది ఒకటి. ఎట్లా జరిగిందన్నది మరొకటి. మొదటిది కథకుని ప్రశ్న. పోలీసువారి ప్రశ్న కూడా అదే. రెండవది మన ప్రశ్న, అంటే ప్రయోగశాలలో పనిచేసేవారి ప్రశ్న. ఈ అయిదారేళ్లలో శాస్త్రజ్ఞులను గురించి, శాస్త్ర సంబంధమైన విపత్తులను గురించి వచ్చిన సినిమాలు, టెలివిజన్ ధారావాహికలు చాలావరకు మొదటి ప్రశ్నకు అంటిపెట్టుకొని రెండవదానిని వదిలివేస్తున్నాయని నాకు తోస్తున్నది. ఇది చిన్న విషయం కాదు. ఇప్పటి పిల్లవాడు పాఠ్యపుస్తకం తెరవకముందే తెర చూస్తున్నాడు. భాభా, సారాభాయ్, ఓపెన్‌హైమర్, చెర్నోబిల్ అన్న పేర్లు అతనికి మొదట తెలిసేది ఇంట్లో టెలివిజన్ ద్వారానో, చేతిలోని ఫోను ద్వారానో. అక్కడ నేర్చుకున్నదానిని తరగతిలో సవరించడం ఎంత కష్టమో బోధించేవారికి తెలుసు.

ముందుగా మంచి ఉదాహరణతో మొదలు పెడతాను. 2019లో అయిదు భాగాలుగా వచ్చిన ‘చెర్నోబిల్’ ధారావాహికను శాస్త్రోపాధ్యాయులందరూ చూడవలసిందే. రచయిత క్రెయిగ్ మేజిన్, దర్శకుడు యోహాన్ రెంక్. 1986 ఏప్రిల్ 26వ తేదీ తెల్లవారుజామున 1 గంట 23 నిమిషాలకు అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్‌లో నాలుగవ నంబరు రియాక్టరు పేలిపోవడం ఇందులోని విషయం. చివరి భాగంలో ఒక న్యాయస్థానపు దృశ్యం ఉన్నది. వలేరీ లెగాసోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఎరుపు, నీలం రంగుల అట్టముక్కలు చేతబట్టుకొని, రియాక్టరు శక్తిని పెంచేవి ఏవో, తగ్గించేవి ఏవో ఒక్కొక్కటిగా చెక్క మీద అమర్చుతూ న్యాయమూర్తికి వివరిస్తాడు. ఒక మనిషి నిలబడి పాఠం చెప్పడమే ఆ దృశ్యంలోని కథ. అయినా చూసేవాడు కదలడు. నలభై మందిని కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఎంత కష్టమో తెలిసిన నావంటివారికి ఆ దృశ్యం చూస్తే కొంచెం అసూయ కూడా కలుగుతుంది!

ఆ పాఠం సారాంశం ఇది. ఆ రకం రియాక్టరులో న్యూట్రానుల వేగాన్ని తగ్గించడానికి గ్రాఫైటును, వేడిని తీసుకుపోవడానికి నీటిని వాడతారు. నీరు కొన్ని న్యూట్రానులను పీల్చుకుంటుంది కూడా. నీరు మరిగి ఆవిరిగా మారితే పీల్చుకునేది తగ్గిపోతుంది, గ్రాఫైటు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. కనుక ఆవిరి పెరిగినకొద్దీ శక్తి పెరుగుతుంది, శక్తి పెరిగినకొద్దీ ఆవిరి పెరుగుతుంది. ఆ రాత్రి ఒక పరీక్ష జరపదలచారు. కరెంటు పోయినప్పుడు, డీజిలు యంత్రాలు అందుకునేదాకా, ఆగిపోతున్న టర్బైను తన తిరుగుడు వేగంతోనే నీటి పంపులను నడపగలదా అన్నది పరీక్ష. కీవ్ నగరానికి విద్యుత్తు కావలసి వచ్చి పరీక్ష చాలా గంటలు వాయిదా పడ్డది. రియాక్టరు తక్కువ శక్తిలో నడిచినప్పుడు జినాన్ 135 అనే వాయువు లోపల పేరుకుంటుంది. అది న్యూట్రానులను మింగడంలో మహా ఆకలిగొన్నది. శక్తి పడిపోయింది. దానిని లేపడానికి నియంత్రణ కడ్డీలను దాదాపు అన్నిటినీ పైకి లాగివేశారు. చివరకు అత్యవసరపు మీట నొక్కి కడ్డీలన్నీ దింపబోయేసరికి, వాటి అడుగున ఉన్న గ్రాఫైటు భాగాలు ముందుగా దిగి, అడుగుభాగంలోని నీటిని తోసివేసి, ఒక్క క్షణం శక్తిని తగ్గించడానికి బదులు పెంచాయి. ఆపడానికి పెట్టిన మీటే పేలుడుకు కారణమైంది.

ఇంత క్లిష్టమైన విషయాన్ని భౌతికశాస్త్రం చదవనివారికి కూడా అర్థమయ్యేటట్లు చేసిన చిత్రం మరొకటి నేను చూడలేదు. ఇందుకు నేను ఈ ధారావాహికకు చాలా తప్పులు క్షమిస్తాను. లెగాసోవ్ నిజానికి ఆ విచారణకు హాజరు కాలేదు. ఉలానా ఖోమ్యుక్ అనే శాస్త్రజ్ఞురాలు కల్పిత పాత్ర. అనేకమంది శాస్త్రజ్ఞులకు ప్రతినిధిగా ఆమెను సృష్టించామని చివర వారే చెప్పుకున్నారు. హెలికాప్టరు కూలిపోవడం మొదటి రోజులలో జరిగినట్లు చూపారు. అది జరిగింది 1986 అక్టోబరులో, క్రేను తీగ తగిలి. ఇవి కథకుడు తీసుకున్న చనువు. వీటివల్ల ‘ఎట్లా’ అన్న ప్రశ్నకు హాని లేదు.

హాని జరిగినది వేరే చోట. కరిగిన ఇంధనం కింది నీటి తొట్లలో పడితే రెండు నుంచి నాలుగు మెగాటన్నుల పేలుడు జరుగుతుందని ఒక పాత్ర అంటుంది. ఆవిరి పేలుడుకూ జలాంతక బాంబు పేలుడుకూ ఉన్న తేడా ఈ ఒక్క వాక్యంతో చెరిగిపోయింది. ఆవిరి పేలుడు ప్రమాదకరమే, కాని అది నగరాలను చదును చేసే మెగాటన్నుల లెక్కలోనికి రాదు. ఇంతకన్న విచారించవలసినది మరొకటి. అగ్నిమాపక దళంలో పనిచేసి ఆసుపత్రి పాలైన భర్తను గర్భవతి అయిన భార్య తాకుతుంది. బిడ్డ పుట్టి చనిపోతుంది. తల్లికి తగలవలసిన వికిరణాన్ని ఆ బిడ్డ తాను పీల్చుకొని తల్లిని కాపాడిందని చెబుతారు. కన్నీరు పెట్టించే మాట. శాస్త్రం దృష్టిలో నిలవని మాట. వికిరణానికి గురి కావడం వేరు, రేడియోధార్మిక పదార్థం ఒంటికి అంటుకోవడం వేరు. ఎక్స్‌రే తీయించుకొని వచ్చినవాడు ఎక్స్‌కిరణాలు వెదజల్లడు. బట్టలు తీసివేసి, ఒళ్లు కడిగిన తరువాత, లోపలకు పీల్చిన కొద్దిపాటి ధూళి తప్ప, రోగి పక్కవారికి అంత పెద్ద ప్రమాదం కాడు. ప్లాస్టికు తెర వాస్తవంలో ఎక్కువగా రోగి రక్షణ కోసమే, అతని రోగనిరోధక శక్తి నశించి ఉంటుంది గనుక. ఈ తేడా తెలియనందువల్లనే మన పల్లెలలో క్యాన్సరుకు రేడియేషను చికిత్స చేయించుకొని వచ్చినవారి పక్కన పిల్లలను కూర్చోనివ్వనివారు ఇంకా ఉన్నారు. యంత్రం ద్వారా బయటినుంచి ఇచ్చే చికిత్స తరువాత రోగి శరీరంలో ఏ కిరణమూ మిగలదు. అయిదవ భాగంలో అంత చక్కగా పాఠం చెప్పినవారు ఇక్కడ ఒక మూఢనమ్మకానికి బలం చేకూర్చారు.

ఇక ‘ఎవరు’ అన్న ప్రశ్న. ధారావాహికలో డ్యాట్లోవ్ అనే ఉప ముఖ్య ఇంజనీరు కరుకైన, మొండి, కింది ఉద్యోగులను బెదిరించే మనిషి. ప్రేక్షకుని కోపమంతా ఆయనమీద పోతుంది. 1986లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ భద్రతా సలహా సంఘం వెలువరించిన నివేదిక కూడా తప్పును ఎక్కువగా నడిపినవారిమీదనే వేసింది. కాని అదే సంఘం 1992లో దానిని సవరించి, ప్రధానమైన లోపం కడ్డీల నిర్మాణంలో, రియాక్టరు స్వభావంలో ఉన్నదని, నడిపినవారు చేశారని చెప్పిన కొన్ని ఉల్లంఘనలు అసలు ఉల్లంఘనలే కావని తేల్చింది. కడ్డీలు దిగేటప్పుడు శక్తి ఒకసారి పెరగడం 1983లోనే లిథువేనియాలోని ఇగ్నాలినా కేంద్రంలో బయటపడ్డది. మూసివేసిన ఆ ఇగ్నాలినా కేంద్రంలోనే ఈ ధారావాహికలోని కొన్ని దృశ్యాలను తీశారు. ఆ భవనం ముందు కెమెరా పెట్టినవారు ఆ సంగతికి ఇంకా కొంచెం చోటిచ్చి ఉంటే డ్యాట్లోవ్ మీద అంత బరువు పడేది కాదు. అయినా నిర్మాణలోపాన్ని దాచిపెట్టిన సంగతిని వారు చెప్పకపోలేదు. ఒక దుష్టుణ్ణి నిలబెట్టి కూడా, దుష్టుడు లేకపోయినా ఆ యంత్రం పేలగలదని చూపారు. అంతవరకు మెచ్చుకోవాలి.

దీని పక్కన మన దేశపు ధారావాహిక ఒకటి పెట్టి చూడండి. భోపాల్ దుర్ఘటన మీద శివ్ రవైల్ దర్శకత్వాన 2023 నవంబరులో నాలుగు భాగాలుగా వచ్చినది ‘ది రైల్వే మెన్’. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ రైల్వే స్టేషనులో ఉద్యోగులు ప్రాణాలకు తెగించి ప్రయాణికులను కాపాడిన ఉదంతం. దీనికి ఆధారం ఉన్నది. డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులాం దస్తగీర్ నిలిచి ఉన్న రైలును వేళకు ముందే పంపివేసి ఎందరినో బతికించారు. నటన బాగున్నది. స్టేషనులో పోర్టర్లు, గార్డులు, సిగ్నలు మనుషులు పనిచేసే తీరును శ్రద్ధగా చూపారు. కథలో దొంగను, విదేశపు మందును, మరొక రైలును చేర్చి ఉత్కంఠ పెంచారు, సరే.

కాని కర్మాగారంలో ఏమి జరిగింది? తొట్టి మీది ముల్లు పైకి పోతుంది, మనుషులు పరుగెత్తుతారు. ఆ ముల్లు ఎందుకు పైకి పోయిందో చెప్పడానికి కథకు తీరిక లేదు. మిథైల్ ఐసోసయనేట్ అనే ద్రవం 39 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరుగుతుంది. నీటితో కలిస్తే వేడి పుట్టిస్తుంది. కనుక దానిని సున్నా డిగ్రీల దాపున చల్లగా, పొడిగా ఉంచాలి. ఆ తొట్టికి ఉన్న శీతలీకరణ యంత్రం కొన్ని నెలల ముందే ఆపివేశారు. వాయువును కడిగివేసే గోపురం, కాల్చివేసే గొట్టం అక్కరకు రాలేదు. నీరు లోపలికి ఎట్లా వచ్చిందన్న దాని మీద వాదాలున్నాయి, వచ్చిందన్న దాని మీద లేవు. సుమారు 40 టన్నుల విషవాయువు బయటపడింది. గాలికన్న బరువైనది గనుక పైకి పోకుండా నేలబారున పాకింది. ఇదంతా ఒక అయిదు నిమిషాల దృశ్యం. ‘చెర్నోబిల్’ వారికి పట్టినట్లు వీరికి ఆ అయిదు నిమిషాల విలువ పట్టలేదు. నాలుగు గంటలు చూసిన తరువాత మన విద్యార్థికి ఎవరు మంచివారో తెలుస్తుంది, ఎవరు చెడ్డవారో తెలుస్తుంది. తొట్టిని చల్లగా ఎందుకు ఉంచాలో తెలియదు.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ప్లాస్టికు కర్మాగారపు తొట్టి నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. అక్కడ నీరు కలవలేదు. స్టైరీన్‌కు తనంతట తాను గొలుసుకట్టి పాలిమరుగా మారే గుణం ఉన్నది. మారేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి మార్పును ఇంకా త్వరపరుస్తుంది. ఇందుకే చల్లగా ఉంచి, గొలుసుకట్టకుండా ఆపే మందు కలుపుతారు. కరోనా కారణంగా కర్మాగారం మూతబడి ఉన్న వారాలలో తొట్టిలో వేడి పెరిగిపోయింది, ఆపే మందు చాలలేదు. భోపాల్ పాఠం, విశాఖ పాఠం ఒకటే: వేడి పుట్టించే చర్యకు చల్లదనం తప్పితే అది తన్ను తాను పరుగెత్తించుకుంటుంది. పదవ తరగతిలో ఉష్ణమోచక చర్యలు చెప్పే ఉపాధ్యాయుడు సున్నం, నీరు కలిపి గిన్నె వేడెక్కిందని చూపుతాడు. గిన్నెకు బదులు తొట్టి ఉంటే ఏమవుతుందో చూపగల శక్తి తెరకు ఉన్నది, వాడుకోలేదు.

‘రాకెట్ బాయ్స్’ ధారావాహిక మీద నాకు ఇంతకన్న ఎక్కువ ఇష్టమూ, ఇంతకన్న ఎక్కువ కోపమూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో మొదటి విడత, 2023 మార్చిలో రెండవ విడత వచ్చాయి. అభయ్ పన్నూ దర్శకుడు. హోమీ భాభాగా జిమ్ సర్బ్, విక్రమ్ సారాభాయ్‌గా ఇశ్వాక్ సింగ్, మృణాళిని సారాభాయ్‌గా మన ప్రేక్షకులకు పరిచితురాలైన రెజీనా కసాండ్రా నటించారు. తుంబాలో చర్చిని కార్యాలయంగా చేసుకోవడం, రాకెట్టు భాగాలను సైకిలు మీద తీసుకుపోవడం, 1963 నవంబరు 21న తొలి రాకెట్టు ఎగరడం చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. శాస్త్రజ్ఞులు సంగీతం వినేవారని, నాట్యం చూసేవారని, పొరపాట్లు పడేవారని చూపడం మంచిదే.

కాని కథకు ఒక ప్రత్యర్థి కావలసి వచ్చాడు. అందుకని కలకత్తాకు చెందిన, సైక్లోట్రాన్ నిర్మించదలచిన, తరువాత రాజకీయాలలోకి వచ్చి భాభాను వ్యతిరేకించిన రజా మెహదీ అనే కల్పిత పాత్రను తెచ్చారు. ప్రేక్షకుని అనుమానం చాలాసేపు ఆయన చుట్టూ తిరుగుతుంది. ఈ వర్ణన చదివితే భౌతికశాస్త్ర చరిత్ర తెలిసినవారికి వెంటనే గుర్తుకు వచ్చే పేరు మేఘనాద్ సాహా. ఢాకా సమీపపు పల్లెలో చిన్న దుకాణదారుని ఇంట 1893లో పుట్టి, 1920లో అయనీకరణ సమీకరణాన్ని కనుగొని, నక్షత్రాల కాంతిని చూసి వాటి ఉష్ణోగ్రత చెప్పే దారి చూపిన మహానుభావుడు. కలకత్తాలో సైక్లోట్రాన్ కోసం పాటుపడ్డారు. 1952లో లోక్‌సభకు గెలిచారు. పేరు మార్చి, మతం మార్చి, ఓర్వలేనితనం అంటగట్టి ప్రవేశపెట్టిన పాత్ర ఆయన కాదని అనవచ్చును. అప్పుడు సాహా ఎక్కడ? ఆ కాలపు పరమాణు శాస్త్ర కథలో ఆయనకు చోటు ఎందుకు లేదు?

అసలు వారిద్దరికీ మధ్య జరిగినది వ్యక్తిగతమైన జగడం కాదు. 1948లో అణుశక్తి సంఘం ఏర్పడ్డది. పరమాణు పరిశోధన అంతా ప్రత్యేక సంస్థలలో కేంద్రీకరించి రహస్యంగా నడపాలా, లేక విశ్వవిద్యాలయాలలో అధ్యాపకుల మధ్య, విద్యార్థుల మధ్య పెంచాలా అన్నది ప్రశ్న. సాహా రెండవ పక్షం. భాభా మొదటి దారిన నడిచి గొప్ప ఫలితాలు సాధించారు. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు నడవడం సామాన్యమైన విషయం కాదు. అయినా సాహా వాదంలో ఎంత బలమున్నదో జిల్లా కేంద్రాలలోని కళాశాలల ప్రయోగశాలలలోకి అడుగు పెట్టినవారికి తెలుస్తుంది. మంచి పరికరాలు, మంచి పరిశోధకులు ఒకచోట, విద్యార్థులు మరొకచోట ఉండిపోయారు. ఈ వాదాన్ని యథాతథంగా తెరకెక్కిస్తే దుష్టుడు అక్కరలేదు. ఇద్దరూ సజ్జనులే, ఇద్దరూ దేశం మేలు కోరినవారే, ఇద్దరికీ పొసగదు. ఇంతకు మించిన నాటకం ఏమున్నది?

రెండవ విడతలో భాభా మరణం వచ్చేసరికి మళ్లీ అదే ధోరణి. 1966 జనవరి 24న ఆయన ప్రయాణిస్తున్న విమానం మాంట్ బ్లాంక్ శిఖరం మీద కూలి 117 మంది మరణించారు. ధారావాహిక విదేశీ గూఢచారుల వైపు వేలు చూపుతుంది. విచారణలో తేలినది వేరు: విమానంలోని ఒక దిక్సూచక రేడియో గ్రాహకం పనిచేయడం లేదు, నేలమీది నియంత్రణాధికారి రాడారు చూసి ఇచ్చిన సూచనను పైలటు మరొక విధంగా అర్థం చేసుకున్నాడు, శిఖరం దాటిపోయామనుకొని కిందికి దిగాడు. కుట్ర కన్న ఇది భయంకరమైనదని నా ఉద్దేశం. ఒక చెడిన గ్రాహకం, ఒక అస్పష్టమైన వాక్యం, అంతే. అణుశాస్త్రజ్ఞుడు గనుక కుట్ర ఉండి తీరాలనే ఊహ ‘ఎట్లా’ అని అడిగేవాని నోరు నొక్కుతుంది.

ఇదే ధారావాహికలో సారాభాయ్ టెలివిజన్ కలను ఇంకా విస్తరించి ఉంటే బాగుండేది. ఆయన 1971 డిసెంబరులో కన్నుమూశారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా వారి ఉపగ్రహం సాయంతో, ఆరు రాష్ట్రాలలో 2400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకు వాడే వల వంటి తీగతో అల్లిన పది అడుగుల గొడుగులు పాఠశాలల దగ్గర నిలిపి, తెలుగులో కార్యక్రమాలు చూపారు. ఆ పల్లెలకు టెలివిజన్ వినోదంగా కాక, వ్యవసాయం, ఆరోగ్యం, విజ్ఞానశాస్త్రం నేర్పే సాధనంగా వచ్చింది. ఆ కథ తీసేవారెవరైనా ఉంటే బాగుండును.

‘రాకెట్రీ’ గురించి ఎక్కువ చెప్పను. 2022 జులైలో వచ్చింది, మాధవన్ నటించి దర్శకత్వం వహించారు, తెలుగులో కూడా చూపారు. నంబి నారాయణన్‌కు జరిగిన అన్యాయం నిజం. 1994లో అరెస్టు, 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయల పరిహారం. ఫ్రాన్సులో మన ఇంజనీర్లు పనిచేస్తూ ద్రవ ఇంధన ఇంజను విద్య నేర్చుకున్న భాగం చాలా బాగుంది. కాని ఒక మనిషికి న్యాయం చేయబోయి, ఆయన పక్కన పనిచేసిన వందలమందిని బొమ్మలుగా చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో ఇస్రోలో పనిచేసిన కొందరు పెద్దలు పత్రికలవారిని పిలిచి చిత్రంలోని అనేక విషయాలు వాస్తవాలు కావని చెప్పవలసి వచ్చింది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్ 3 ను మోసుకుపోయిన రాకెట్టులో వికాస్ ఇంజన్లు రెండు ఉన్నాయి. వాటి వెనుక ఎన్ని చేతులున్నాయో ఆ సినిమా చూసినవాడు ఊహించలేడు.

2023లో వచ్చిన ‘ఓపెన్‌హైమర్’కు ఏడు ఆస్కారు బహుమతులు వచ్చాయి. క్రిస్టఫర్ నోలన్ పనితనం గొప్పది. గాజు పాత్రలలో గోలీలు వేస్తూ యురేనియం, ప్లుటోనియం ఎంత తయారైనదో చూపడం నాకు బాగా నచ్చింది. పట్టిక వేసి చెప్పిన దానికన్న అది గుర్తుంటుంది. 1945 జులై 16న బాంబు పరీక్ష జరిగినప్పుడు వెలుగు ముందు వచ్చి, చాలాసేపు నిశ్శబ్దంగా ఉండి, తరువాత చప్పుడు రావడం కూడా సరియైనదే. సాధారణంగా సినిమాలలో మెరుపూ ఉరుమూ ఒకేసారి వస్తాయి. ఓపెన్‌హైమర్ ఉన్న స్థావరం పేలుడుకు సుమారు 9 కిలోమీటర్ల దూరం. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. ఎన్ని సెకనుల తరువాత వినబడాలో తరగతిలో అడగండి. 26, 27 అని జవాబు వస్తుంది. 32 కిలోమీటర్ల దూరాన కొండమీద నిలుచున్నవారికి నిమిషంన్నర పైన పట్టింది.

అయితే ఇక్కడా ఒక మార్పు చేశారు. బాంబు వేడికి వాతావరణమంతా అంటుకుంటుందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు ఓపెన్‌హైమర్ ఆ లెక్కలు తీసుకొని ఐన్‌స్టయిన్ దగ్గరకు వెళ్లినట్లు చూపారు. నిజానికి ఆయన వెళ్లినది ఆర్థర్ కాంప్టన్ దగ్గరకు. ఆ భయం అక్కరలేదని లెక్కలు చేసి తేల్చినవారిలో హాన్స్ బేతే ముఖ్యుడు. ప్రేక్షకులకు ఐన్‌స్టయిన్ తెలుసును, కాంప్టన్ తెలియదు, కనుక మార్చామంటారు. నాకు ఇది చిన్న మార్పుగా కనబడదు. సందేహం వస్తే లెక్కను ఇంకొకరు మళ్లీ చేయడం శాస్త్రం పద్ధతి. సందేహం వస్తే ఒక పెద్ద పేరు దగ్గరకు పోవడం వేరొక పద్ధతి. ప్లుటోనియం బాంబుకు లోపలికి కుదించే పేలుడు ఎందుకు అవసరమైందో, దానికోసం ఎంతమంది ఎన్ని ప్రయోగాలు చేశారో కూడా మూడు గంటలలో చోటు దొరకలేదు. సెనేటు విచారణలో ఎవరు ఎవరికి ద్రోహం చేశారన్న దానికి మాత్రం కావలసినంత చోటు దొరికింది.

చైనా రచయిత లియు సిషిన్ నవల ఆధారంగా 2024 మార్చిలో వచ్చిన ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఎనిమిది భాగాలు పిల్లలకన్న పెద్దలకు తగినవి. దీనిలో భయం పుట్టించేది ప్రయోగాలలో ఒకే కొలత రెండుసార్లు ఒకేలాగ రాకపోవడం. ఈ ఊహను మెచ్చుకోవచ్చును. మూడు సూర్యుల మధ్య నలిగిపోయే గ్రహం మాత్రం ఆల్ఫా సెంటారీలో కుదరదు. అక్కడ రెండు నక్షత్రాలు సుమారు 80 ఏళ్లకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, మూడవది చాలా దూరాన ఉంటుంది. అందువల్ల అది చాలా క్రమమైన వ్యవస్థ.

మన తెలుగు సినిమా సంగతి చెప్పకపోతే పక్షపాతం అంటారు. 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ నాకు నచ్చింది. శ్రీ కార్తీక్ దర్శకుడు, శర్వానంద్, అమల నటించారు. పోయిన తల్లిని చూడడానికి కొడుకు కాలయంత్రంలో వెనక్కి పోతాడు. శాస్త్రం ఇందులో ఒక తలుపు మాత్రమే, ఆ సంగతి చిత్రం దాచలేదు. శాస్త్రం పేరు చెప్పి పురాణాన్ని నిరూపించబోయే చిత్రాల కన్న ఇది ఎంతో నిజాయితీ గలది. అదే సంవత్సరం ‘కార్తికేయ 2’లో ఒక యువవైద్యుడు రానున్న విపత్తుకు పరిష్కారం కోసం శ్రీకృష్ణుని కాలి కడియాన్ని వెదుకుతాడు. సాహసకథగా చూడవచ్చును. కాని అందులో శాస్త్రీయ దృష్టి అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఇబ్బంది కలిగింది. అక్కడ పరీక్షకు పెట్టిన ఊహ ఒక్కటీ లేదు, ఓడిపోగల ఊహ అసలే లేదు.

‘ఒకే ఒక జీవితం’లో నాజర్ వేసిన శాస్త్రజ్ఞుడు ఒంటరిగా ఏళ్ల తరబడి యంత్రం చేసుకుంటూ ఉంటాడు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లో ప్రొఫెసరు కూడా అంతే, ఇంట్లో ఒంటరిగా కాలయంత్రం చేస్తాడు. ఆ చిత్రాన్ని 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదల చేశారు. ఇప్పటికీ సరదాగా ఉన్నది. అయితే ముప్పై ఏళ్లు దాటినా మన సినిమా శాస్త్రజ్ఞుడు ఇల్లు మారలేదు. అతనికి సహాయకులుంటే హాస్యానికే ఉంటారు. అతని లెక్క తప్పని చెప్పేవారు ఉండరు. నోటుపుస్తకం ఉండదు, విఫలమైన ప్రయోగాల పట్టిక ఉండదు, పరికరం కొనడానికి డబ్బు అడుగుతూ రాసిన అర్జీ ఉండదు. శ్రీహరికోట మన నేల మీదనే ఉన్నది. హైదరాబాదులో అణు ఇంధన కర్మాగారమూ, కణజీవశాస్త్ర పరిశోధనాలయమూ ఉన్నాయి. అక్కడ ఉదయం బస్సు దిగి, గుర్తింపు బిళ్ల తగిలించుకొని, పదిమందితో కలిసి పనిచేసే తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామంది మన పాఠశాలలలో, మన ఉపాధ్యాయుల దగ్గర చదువుకొన్నవారే.